లండన్ కౌన్సిల్ వారికి ఆలస్యంగా ఒక జవాబు

ది ఫుట్‌బాల్ అసోసియేషన్ కౌన్సిల్ వారి సముఖమునకు, లండన్.

విషయం: ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ – మూడో అంచెలో ఒక ఆదివారం ఆట – అభిమాని నిలబడిన చోటి నుంచి వివరాలు సమర్పించుట గురించి.

సూచిక: కౌన్సిల్ వారి 1921 డిసెంబర్ 5 నాటి తీర్మానం.

ఇంగ్లండ్‌లో మహిళల ఫుట్‌బాల్ మూడో అంచెను నేషనల్ లీగ్ ప్రీమియర్ డివిజన్ అంటారు. అందులో ఉత్తరం, దక్షిణం అని రెండు భాగాలు, ఒక్కో భాగంలో 12 జట్లు. దీనికి పైన రెండే మెట్లున్నాయి: అన్నిటికన్నా పైన సూపర్ లీగ్, దాని కింద ఛాంపియన్‌షిప్ పేరుతో నడిచి 2025లో సూపర్ లీగ్ 2గా పేరు మార్చుకున్న అంచె. మూడో అంచె కింద నాలుగు ప్రాంతీయ విభాగాలు, వాటి కింద ఇంకా చిన్న లీగులు, అట్టడుగున కౌంటీ లీగులు ఉంటాయి. పెద్ద ఛానెళ్ళ కెమెరాలు పై అంచెలు దాటి కిందికి దిగడం అరుదు. మూడో అంచె ఆట చూడదలచినవారు చాలావరకు స్వయంగా వెళ్ళి మైదానం పక్కన నిలబడవలసిందే.

ఆట ఆదివారం, సాధారణంగా మధ్యాహ్నం 2 గంటలకు మొదలవుతుంది. శనివారం మగవాళ్ళది. ఈ పంపకాన్ని చట్టమేదీ శాసించలేదు. గడ్డి ఒకటే, దాని మీద శనివారం ఎవరు ఆడాలో ముందే ఖాయమై ఉంటుంది, మిగిలిన రోజు మిగిలినవారికి దక్కుతుంది. మహిళల లీగుల్లో అభిమానిని వేధించే సంగతులు చాలావరకు ఈ ఒక్క గడ్డి దగ్గరికే వచ్చి ఆగుతాయి కాబట్టి, ముందుగా పై సూచికలోని తీర్మానాన్ని చూడాలి.

ఆ తీర్మానాన్ని అందరూ ఆడవాళ్ళ ఆటపై నిషేధం అంటారు. నిజానికి కౌన్సిల్ వారు ఎవరినీ ఆడవద్దని ఆదేశించలేదు, ఆ అధికారమూ వారికి లేదు. ఫుట్‌బాల్ స్త్రీలకు తగిన ఆట కాదని, ప్రోత్సహించరాదని ఒక అభిప్రాయం చెప్పారు. ధర్మకార్యాలకని వసూలైన డబ్బులో ఎక్కువ భాగం ఖర్చుల పద్దులో పోతోందని ఒక అనుమానం వెలిబుచ్చారు. ఆ తర్వాత, ఆడవాళ్ళ మ్యాచులకు మైదానాలు ఇవ్వవద్దని సభ్య క్లబ్బులను కోరారు. తీర్మానం మొత్తంలో పని చేసిన వాక్యం ఇదొక్కటే. కాళ్ళు కట్టలేదు, కాళ్ళ కింది నేల లాగేశారు.

లాగవలసినంత నేల అప్పటికి వారి కాళ్ళ కింద ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు తయారు చేసిన ప్రెస్టన్ ఫ్యాక్టరీ అమ్మాయిలు డిక్, కెర్ లేడీస్ పేరుతో 1917 క్రిస్మస్ నాడు డీప్‌డేల్ మైదానంలో ఆడితే పదివేల మంది వచ్చారు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో ఇదే జట్టు సెయింట్ హెలెన్స్ అమ్మాయిలతో తలపడింది. ఆ రోజు లోపల 53,000 మంది. గేట్లు మూసేశాక బయట వేలమంది మిగిలిపోయారు. 3,115 పౌండ్లు వసూలయ్యాయి. పట్టుమని ఏడాది తిరగకుండానే తీర్మానం వచ్చింది. ఆ జట్లు రగ్బీ మైదానాలకూ పార్కులకూ సర్దుకున్నాయి. 1922లో డిక్, కెర్ జట్టు అమెరికా వెళ్ళి అక్కడ మగవాళ్ళ జట్లతోనే ఆడింది. ఇంగ్లండ్‌లో తలుపు తెరుచుకోవడానికి దాదాపు 50 ఏళ్ళు పట్టింది. మహిళల కప్పు తొలి ఫైనల్ 1971లో జరిగితే, మహిళల ఆట నిర్వహణను అసోసియేషన్ తన చేతుల్లోకి తీసుకున్నది 1993లో, 1921 నాటి పనికి క్షమాపణ చెప్పింది 2008లో.

ఒక తరం ప్రేక్షకులు పోతే పోయారనుకోవచ్చు, మరో తరం పుడుతుంది. ఊళ్ళో మైదానం పోతే మాత్రం దానితోపాటు గేటు వసూళ్ళు, గ్యాలరీ, శనివారపు అలవాటు, తాత మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళే దారి, అన్నీ పోతాయి. అదే 50 ఏళ్ళలో మగవాళ్ళ క్లబ్బులు ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ వచ్చాయి. 1971 తర్వాత ఆడవాళ్ళ జట్లు మళ్ళీ మొదలుపెట్టేనాటికి ప్రతి ఊళ్ళోనూ మంచి గడ్డికి ఒక యజమాని ఉన్నాడు. ఆడాలంటే అతని గుమ్మం ముందు నిలబడి అడగాలి. ఆ అడగడమే నేటికీ ఈ అంచెల్లో ఆటకు మొదటి నియమం.

తూర్పు ససెక్స్‌లోని లూయిస్ పట్టణంలో వ్యవహారం కాస్త వేరుగా ఉంటుంది. రైల్వే స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే మైదానం వస్తుంది. దాని పేరు డ్రిప్పింగ్ పాన్. నిప్పు మీద మాంసం కాలుతుంటే కారే కొవ్వును పట్టే పెనం అని ఆ మాటకు అర్థం. పక్కనే శిథిలమైన మఠం ఉంది, ఆ మఠంలోని సన్యాసులు ఉప్పు పండించిన మడి ఇదేనని ఊళ్ళో కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా నేల తీరు మాత్రం దానికి సరిపోతుంది. ఆడే చోటు లోతుగా, చుట్టూ మట్టికట్టలు ఎత్తుగా ఉంటాయి. ఎండిన చెరువులో ఆట, చెరువుగట్టు మీద జనం అనుకుంటే తెలుగువారికి బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. గట్ల వెనుక సుద్దకొండల పచ్చటి వాలు. క్లబ్బు పుట్టింది 1885లో, అప్పటి నుంచీ దాదాపు ఎప్పుడూ ఇదే దాని ఇల్లు. 2010 నుంచి క్లబ్బు అభిమానుల సొంతం, ఎవరి వాటా అయినా ఓటు ఒకటే. 2017 జులైలో ఈ క్లబ్బు మగ జట్టుకూ ఆడ జట్టుకూ ఆటగాళ్ళ ఖర్చు సమానంగా ఇస్తామని ప్రకటించింది. జీతంతో ఆడించే క్లబ్బుల్లో ఆ మాట అన్నవారు అంతకుముందు లేరు. ఇద్దరికీ అదే గడ్డి, అవే గదులు. మనుషుల హక్కుల గురించి పుస్తకం రాసిన థామస్ పెయిన్ 1768 నుంచి 1774 వరకు ఈ ఊళ్ళోనే కాపురం ఉన్నాడు. దీనికీ దానికీ సంబంధం ఉందని రుజువు లేదు గానీ, ఊరివాళ్ళు ఆ సంగతి చెప్పకుండా వదలరు.

లూయిస్ మహిళల జట్టు 2018లో రెండో అంచెకు ఎక్కి, 2024లో మూడో అంచెకు దిగింది. దిగిన జట్టు ఆట చూడడానికి వచ్చేవాడే అసలైన అభిమాని అంటారు. కొంత నిజమే. గెలుపు కోసం వచ్చేవారు ఎప్పుడూ రెండు మెట్లు పైనే ఉంటారు.

ఆదివారం ఆట నిజానికి ఉదయమే మొదలవుతుంది. రాత్రి వాన పడితే రిఫరీ వచ్చి పిచ్ మీద నడిచి, బంతిని నేలకేసి కొట్టి చూస్తాడు. అది లేవకుండా నీళ్ళలో చతికిలబడితే ఆ రోజుకు ఆట లేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అభిమాని ఆదివారం పొద్దున్నే టీ కన్నా ముందు ఫోన్ చూసుకునేది ఇందుకే. శనివారం మగవాళ్ళు దున్ని వదిలిన నేల ఆదివారానికి ఆరదు. వేరొకరి మైదానంలో అద్దెకు ఆడే జట్లకు ఇంకో చిక్కు ఉంది. వచ్చే శనివారానికి గడ్డి పాడవకూడదని యజమాని క్లబ్బే ఆదివారం ఆటను వద్దనవచ్చు. అలా వాయిదాపడిన మ్యాచులు మార్చి, ఏప్రిల్ నెలల్లో బుధవారం రాత్రుల మీదికి పేరుకుంటాయి. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం బస్సెక్కే అమ్మాయిలు వారంలో మూడు మ్యాచులు ఆడవలసిన రోజులు అప్పుడే వస్తాయి.

ఈ అంచెలో చాలామందికి ఫుట్‌బాల్ ఒక్కటే బతుకుతెరువు కాదు. టీచర్లు, నర్సులు, విద్యార్థులు ఉంటారు. సాధన సాయంత్రాలే. దక్షిణ విభాగమంటే పటంలో చిన్నగా కనిపిస్తుంది గానీ, 2024–25లో ప్లిమత్, ఇప్స్‌విచ్ రెండూ ఇందులోనే ఉండేవి. వాటి మధ్య రోడ్డు మీద దాదాపు 500 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి తిరుపతి వెళ్ళి ఒక ఆట ఆడి, అదే బస్సులో వెనక్కి వచ్చి, సోమవారం పొద్దున్నే బడిలో హాజరు తీసుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకుంటే సరిపోతుంది.

గేటు లోపల అడుగు పెట్టినవారికి మొదట తెలిసేది శబ్దం. పెద్ద స్టేడియంలో వినిపించేది జనం. ఇక్కడ బూటు బంతికి తగిలిన చప్పుడు, షిన్‌ప్యాడ్ షిన్‌ప్యాడ్‌కు తగిలిన టక్కు, గోల్‌కీపర్ గొంతు, అన్నీ విడివిడిగా చెవిన పడతాయి. డిఫెన్స్ ఎక్కడ నిలబడాలో గోల్‌కీపర్ 90 నిమిషాలూ చెబుతూనే ఉంటుంది. రెండు ఆటలు చూసిన అభిమానికి ఆమె పిలుపులు కంఠస్థమవుతాయి. వెనక నుంచి ప్రత్యర్థి వస్తుంటే సహచరిని హెచ్చరించడానికి ఆడవాళ్ళూ ‘మ్యాన్ ఆన్’ అనే అరుస్తారు. వచ్చేది మనిషే అయినా మగవాడు కాదని అందరికీ తెలుసు. ఈ అరుపుకు బదులు మాట ఇంతవరకు ఎవరూ కుదర్చలేదు. కౌన్సిల్ వారు తీర్మానం చేయదగిన విషయం ఏదైనా మిగిలి ఉంటే ఇది పరిశీలించవచ్చు.

అభిమానుల మధ్య కంచె ఉండదు. రెండు జట్లవారూ ఒకే గట్టు మీద కలిసి నిలబడతారు. తమ జట్టు ఏ గోల్ వైపు దాడి చేస్తుందో దాని వెనక చేరతారు. విరామంలో జట్లు పక్కలు మారగానే, డోలు, జెండా, పిల్లలు, బీరు గ్లాసులు, కుక్కపిల్ల సహా గుంపంతా లేచి మైదానం చుట్టూ నడిచి అవతలి గోల్ వెనక్కి పోతుంది. దారిలో ఎదురుపడిన అవతలి జట్టువారితో రిఫరీ గురించి ఒకే రకమైన ఫిర్యాదులు చెప్పుకుంటారు. వీడియో సాయం ఈ అంచెలో లేదు. గోల్ అంటే గోలే. ఆఫ్‌సైడ్ జెండా లేచిందా లేదా అని ఒక్కసారి పక్కకు చూసి, లేవకపోతే ఎగిరి గంతేయవచ్చు. మగవాళ్ళ పై అంచె అభిమానులు రెండు నిమిషాలు ఆగి సంతోషించవలసిన కాలంలో ఈ సౌకర్యం చిన్నది కాదు.

ఆట నాణ్యత గురించి దాచేదేమీ లేదు. మొదటి ఇరవై నిమిషాలు పాసులు కుదురుగా సాగుతాయి. మధ్య వరస నుంచి రెక్కకు, రెక్క నుంచి గోల్ ముందుకు బంతి చక్కగా తిరుగుతుంది. ఎదుటి జట్టు ఒత్తిడి పెంచగానే వెనక వరసలో కంగారు పుడుతుంది. గోల్ కిక్ మధ్యగీత దాటక ముందే పడిపోవచ్చు, తలతో కొట్టవలసిన బంతి భుజానికి తగలవచ్చు. 75వ నిమిషం నాటికి కాళ్ళు బరువెక్కి, వరసల మధ్య ఖాళీలు తెరుచుకుంటాయి. అంతదాకా గోల్ లేని ఆటలో రెండు మూడు గోల్స్ పడేది అప్పుడే. బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు, గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు, ఆట 90 నిమిషాలు. స్త్రీలకు తగిన కొలతలు వేరే ఉన్నట్టు నిబంధనల్లో ఎక్కడా కనిపించదు. తప్పులు చూసి నవ్వేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. వారానికి రెండు మూడు సాయంత్రాల సాధనతో, అద్దె గడ్డి మీద, మగవాళ్ళ ఏడో అంచె జట్టయినా ఇలాగే ఆడుతుంది. లూయిస్ మగ జట్టు సరిగ్గా ఆ ఏడో అంచెలోనే ఉంటుంది కాబట్టి, శని, ఆదివారాలు రెండూ వచ్చేవారు ఈ మాటను అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

గట్టు మీద జనం మాట్లాడడం మానేసే సమయం ఒకటుంది. ఎవరూ తగలకుండానే, పరుగులో పక్కకు తిరిగిన అమ్మాయి మోకాలు పట్టుకుని కూలబడిన క్షణం. మోకాలి లోపలి క్రూసియేట్ లిగమెంట్ తెగడం మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. శరీర నిర్మాణం, కండరాల సాధన, మగవాళ్ళ పాదాల కొలతకు చేసిన బూట్లు, గుంటలు పడిన నేల, ఇలా కారణాలు చాలా చెబుతారు. వీటిలో దేని వాటా ఎంతో ఇంకా తేలలేదు. కోలుకోవడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. పై అంచెలో ఆ కాలమంతా వైద్యుల పర్యవేక్షణ ఉంటుంది. ఇక్కడ సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చే ఫిజియో ఒకరు, ఆ తర్వాత సెలవు చీటీ, ఆ తర్వాత ఆసుపత్రి వరస.

ఎక్కడం, దిగడం విషయానికొస్తే, వైకుంఠపాళి గుర్తొస్తుంది. తేడా ఏమంటే అక్కడ గవ్వలు వేస్తే పందెం పడుతుంది, ఇక్కడ పందేలు కొన్ని ఆఫీసులో పడతాయి. 2022–23లో ఉత్తరాన నాటింగ్‌హామ్ ఫారెస్ట్, దక్షిణాన వాట్‌ఫర్డ్ మొదటి స్థానంలో నిలిచాయి. అప్పట్లో నిచ్చెన ఒక్కటే కనుక ఇద్దరికీ కలిపి ఒక ఆట పెట్టారు. వాట్‌ఫర్డ్ ఎక్కింది. ఏడాది పొడవునా గెలిచిన ఫారెస్ట్ ఒక్క మధ్యాహ్నం ఓడి ఉన్నచోటే ఉండిపోయింది, మరో రెండేళ్ళకు గానీ పైకి రాలేదు. 2023–24 నుంచి రెండు భాగాల విజేతలనూ పైకి పంపుతున్నారు. ఇది మంచి మార్పు. అభిమానులు ఎన్నాళ్ళుగానో అడిగింది ఇదే.

పై అంచెల్లో ఆడడానికి క్లబ్బుకు కావలసిన లైసెన్స్ అనేది ఈ బల్ల మీద అన్నిటికన్నా పొడవైన పాము. 1969లో మొదలైన డాంకాస్టర్ బెల్స్ రెండు దశాబ్దాలకు పైగా అత్యున్నత అంచెలో ఆడిన జట్టు. 2013 సీజన్‌లో ఒక్క ఆట అయ్యాక, వచ్చే ఏడాది ఆ జట్టును రెండో అంచెకు దించుతున్నట్టూ, మాంచెస్టర్ సిటీని పై అంచెలో చేరుస్తున్నట్టూ అసోసియేషన్ ప్రకటించింది. మిగిలిన సీజనంతా ఆ అమ్మాయిలు దిగిపోతామని తెలిసి ఆడారు. 2018లో బెల్స్ రెండో అంచె గెలిచింది కూడా. కానీ లైసెన్స్ ఖర్చు భరించలేక ఇంకో మెట్టు కిందికి దిగింది. 2024–25 ఉత్తర విభాగంలో వోల్వర్‌హాంప్టన్ జట్టు టైటిల్ కోసం చివరిదాకా పోరాడింది. గెలిచినా పైకి వెళ్ళే వీలు లేదని ఆటగత్తెలకు సీజన్ ముగిశాక తెలిసింది, ఎందుకంటే క్లబ్బు దరఖాస్తే పెట్టలేదు. గట్టు మీద ఏడాదంతా గొంతు చించుకున్న అభిమాని, తాను అరిచింది ఎక్కడానికి వీల్లేని నిచ్చెన కోసమని తెలుసుకున్నాక ఏమనుకుంటాడో నిబంధనల పుస్తకంలో లేదు.

ఇంకా కింది అంచెల్లో దరఖాస్తు దాకా కూడా పోదు. 2024 వేసవిలో ఈశాన్య ఇంగ్లండ్‌లోని థార్నబీ క్లబ్బు కమిటీ మహిళల, బాలికల విభాగాన్నంతటినీ ఓటేసి ఎత్తేసింది. వందమందికి పైగా అమ్మాయిలకు ఒక్క సాయంత్రంలో నేల లేకుండా పోయింది. దేశమంతా గోల లేచాక ఆ నిర్ణయం వెనక్కి పోయింది, నిర్ణయించినవారూ పోయారు. 1921 నాటి పద్ధతి ఇంకా పనిచేస్తోందని రుజువు చేయడానికి ఆ కమిటీకి కొద్ది రోజులు పట్టింది, అంతే.

డబ్బు లెక్కల గురించి తీర్మానంలోనే ప్రస్తావన ఉంది కనుక ఇక్కడా చెప్పవలసి ఉంది. 2021–22లో మహిళల ఎఫ్.ఎ. కప్ ఫైనల్ గెలిచిన జట్టుకు 25,000 పౌండ్లు, మగవాళ్ళ ఫైనల్ గెలిచిన జట్టుకు 18 లక్షల పౌండ్లు. కప్పు ఒకే పేరుది, నిర్వహించేదీ ఒక్కరే. ఈ తేడా మీద లూయిస్ క్లబ్బు డైరెక్టర్లు 2019లోనే అసోసియేషన్‌కు ఒక బహిరంగ లేఖ రాశారు కాబట్టి, ప్రస్తుత లేఖ ఈ వరసలో మొదటిది కాదని మనవి. ఆ తర్వాత మహిళల కప్పు మొత్తం బహుమతి నిధి 2022–23లో 30 లక్షల పౌండ్లకూ, మరుసటి ఏడాది 60 లక్షలకూ పెరిగింది. పెరిగిన మొదటి ఏడాదే, 2023 మార్చిలో, లూయిస్ క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చి డ్రిప్పింగ్ పాన్‌లోనే మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 3–1తో ఓడింది. కింది అంచె క్లబ్బుకు ఒక రౌండు దాటితే వచ్చే మొత్తం ఒక బస్సు అద్దె, ఒక ఫిజియో జీతం, కొన్ని నెలల గడ్డి బాగు. ధర్మకార్యాల సొమ్ము ఖర్చులకు పోతోందని 1921లో కౌన్సిల్ వారు బాధపడ్డారు. ఇక్కడ సొమ్మంతా ఖర్చులకే పోతుంది, అందులో దాపరికం లేదు.

ఆట ముగిశాక ఆటగత్తెలు లోపలికి వెళ్ళిపోరు. బురద బూట్లతోనే కమ్మీ పొడవునా నడుస్తూ పిల్లల చొక్కాల మీద సంతకాలు పెడతారు, ఎవరి నానమ్మతోనో మోకాలి కట్టు గురించి మాట్లాడతారు. ఓడిన రోజున ఈ నడక కొంచెం త్వరగా అవుతుంది, మానడం మాత్రం ఉండదు. గట్టు మీదివాళ్ళు డోలు సర్దుకుని స్టేషన్ దారి పడతారు. మైదానం సిబ్బంది గుంటలు పడిన చోట గడ్డి ముక్కలు తొక్కి అణచడం మొదలుపెడతారు, శనివారానికి మళ్ళీ కావాలి కదా.

గుడిసన్ పార్క్ సంగతి ఒకటి మిగిలింది. ఎవర్టన్ మగవాళ్ళ జట్టు కొత్త స్టేడియానికి తరలిపోవడంతో, 2025–26 సీజన్ నుంచి ఆ మైదానం ఎవర్టన్ మహిళల జట్టుకు ఇల్లయింది. అది పై అంచె జట్టు కాబట్టి ఈ లేఖ పరిధిలోకి రాదు. సూచికలోని తీర్మానం దస్త్రం ఇంకా తెరిచే ఉన్నట్లయితే అందులో నమోదు చేసుకోవడానికి మాత్రమే తెలియజేయడమైనది.

ఇట్లు,
ఆదివారం గట్టు మీది అభిమాని.

జతపరచినవి: చిరిగిన టికెట్ ముక్క ఒకటి, వాన వల్ల వాయిదాపడిన మ్యాచుల జాబితా, రెండు పుటలు.

నకలు: 1920 డిసెంబర్ 26న గుడిసన్ పార్క్ గేటు బయట నిలిచిపోయినవారికి, సమాచార నిమిత్తం.